ఐసీఎఫ్ గోడలో కిటికీ: వాన నీరు లోపలికి రాకుండా అంచెలంచెలుగా చేయాల్సిన పని

ఐసీఎఫ్ (ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్), అంటే ఫోము దిమ్మెలనే అచ్చుగా పేర్చి మధ్యలో కాంక్రీటు పోసే గోడ, కట్టుకున్నవారికి ఒక ధీమా ఉంటుంది. మధ్యలో ఆరంగుళాల కాంక్రీటు, దానికి ఇరువైపులా రెండున్నర అంగుళాల చొప్పున ఇపిఎస్ ఫోము, అంటే అందరూ థర్మకోల్ అని పిలిచే పదార్థమే, కాస్త గట్టిరకం. మొత్తం పదకొండు అంగుళాల మందం. ఇంత గోడలోంచి వాన ఎలా వస్తుందని అడుగుతారు. గోడ వరకు ఆ ధీమా సబబే. చిక్కంతా ఆ గోడలో మనం చేతులారా వదిలే ఖాళీలతోనే.

మామూలు చట్రపు గోడలో నీరు చొరబడితే అది లోపలి ఖాళీలో కిందికి జారి, ఎంతో కొంత ఆరిపోయే వీలుంటుంది. ఐసీఎఫ్‌లో ఆ ఖాళీయే లేదు. ఫోముకూ కాంక్రీటుకూ మధ్య వెంట్రుకవాసి సందు మాత్రం ఉంటుంది. కిటికీ మూల దగ్గర అందులో చేరిన నీరు అక్కడే బయటపడదు. కాంక్రీటు ముఖం వెంట పాకుతూ పోయి, ఎక్కడ పగులో పైపో దొరికితే అక్కడ తేలుతుంది. పై అంతస్తు కిటికీలో లోపముంటే కింది గది గోడ చెమ్మబారవచ్చు. అప్పుడు మూలం వెతకడం పెద్ద తలనొప్పి. అందుకే ఈ పని మొదటిసారే సరిగ్గా జరగాలి. అది మొదలయ్యేది కిటికీ వచ్చిన రోజున కాదు, కాంక్రీటు పోయడానికి ముందే.

ముందుగా ఒక సూత్రం

సీలెంట్ (సందులు మూసే, సాగే జిగురు) ట్యూబు పట్టుకుని కిటికీ చుట్టూ గట్టిగా పూసేస్తే పని అయిపోయిందనుకునేవారే ఎక్కువ. బయటి సీలెంట్ ఎండకు ఎండి, వేడికి సాగి, చలికి ముడుచుకుని ఏదో ఒకనాడు ఒకచోట వదులుతుంది. వదిలిన రోజున ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి వ్యవస్థ మూడు పనులు చేయాలి. బయటి అంచు వానలో ఎక్కువ భాగాన్ని తోసిపుచ్చాలి. లోపలి అంచు గాలిని పూర్తిగా ఆపాలి. ఈ రెండింటి మధ్యకు చేరిన నీటికి తిరిగి బయటికి పోయే దారి ఉండాలి. ఇందులో చాలామంది పట్టించుకోనిది రెండోది. సందులోకి నీటిని నెట్టేది ఎక్కువగా గాలి పీడనమే. లోపలి అంచు గాలి చొరకుండా మూసి ఉంటే, సందులోని పీడనం దాదాపు బయటి పీడనంతో సమానమవుతుంది. అప్పుడు నీటిని లోపలికి తోసే బలం మిగలదు. లోపల తెరిచి ఉంచి బయట మాత్రమే మూస్తే, బయటి సీలెంట్‌లో సూదిమొన అంత రంధ్రం పడినా గాలి నీటిని లోపలికి లాక్కొస్తుంది.

1. కిటికీ ఎక్కడ కూర్చుంటుందో తేల్చుకోండి

పదకొండు అంగుళాల మందంలో కిటికీని బయటి ముఖానికి సమంగా పెట్టవచ్చు, మధ్యకు జరపవచ్చు. బయటి ముఖానికి పెడితే, చుట్టూ రెక్క (గోడ ముఖం మీదికి పరుచుకునే పలుచటి అంచు) ఉన్న ఫ్రేముతో పని సులువు. రెక్క నేరుగా మెంబ్రేన్, అంటే నీటిని ఆపే పొర, మీద కూర్చుంటుంది. కానీ వాన తాకిడి అంతా కిటికీ మీదే. మూడు నాలుగు అంగుళాలు లోపలికి జరిపితే జల్లు బాగా తగ్గుతుంది, పై అంచు నుంచి కారే నీరు కూడా ఫ్రేముకు దూరంగా పడుతుంది. బదులుగా కింద పొడవైన సిల్, అంటే కిటికీ కింది గట్టు, వస్తుంది, దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలి. గాలివాన తాకిడి ఎక్కువగా ఉండే గోడల్లో లోపలికి జరపడమే మంచిదని నా అభిప్రాయం. నిర్ణయం ఏదైనా కాగితం మీద కోత చిత్రం గీసి, ఏ పొర దేని మీదికి వస్తుందో పెన్సిలుతో గీత ఎత్తకుండా చూపగలిగితేనే ముందుకు వెళ్లండి. గీత ఎక్కడ తెగితే నీరు అక్కడే దూరుతుంది.

2. బక్ ఎంపిక, బిగింపు, పోత

ఓపెనింగ్ చుట్టూ కాంక్రీటును ఆపి ఉంచే పెట్టెలాంటి చట్రాన్ని బక్ అంటారు. ఇది చెక్కతో, వినైల్‌తో, ఫోముతో దొరుకుతుంది.

చెక్క బక్ చవక, మేకు ఎక్కడ కొట్టినా పట్టుకుంటుంది. కానీ మందు పట్టించిన పచ్చి చెక్క ఆరేకొద్దీ ముడుచుకుని, కాంక్రీటుకూ దానికీ మధ్య సన్నటి సందు తెరుచుకుంటుంది. పైగా ఆ మందులో ఎక్కువగా రాగి ఉంటుంది. అది మామూలు ఉక్కు మేకులనూ, తగిలిన అల్యూమినియాన్నీ తినేస్తుంది. స్టెయిన్‌లెస్ లేదా వేడి జింకులో ముంచిన స్క్రూలే వాడాలి. చెక్కకూ అల్యూమినియానికీ మధ్య మెంబ్రేన్ ఉండాలి.

వినైల్ కుళ్లదు, కానీ వేడికి బాగా సాగుతుంది. ఒకటిన్నర మీటర్ల వినైల్ ముక్క ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మారితే సుమారు రెండున్నర, మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. కాంక్రీటు అందులో సుమారు ఆరో వంతే కదులుతుంది. ఆ తేడాను భరించేంత సాగే గుణం లేని సీలెంట్ చీలిపోతుంది. ఫోము బక్ వేడిని బాగా ఆపుతుంది కానీ స్క్రూను పట్టుకోలేదు. అందులో బిగింపు కోసం పొదిగిన పట్టీలు ఎక్కడున్నాయో ముందే గుర్తు పెట్టుకోవాలి.

బక్‌ను నిలబెట్టాక రెండు కర్ణాలూ కొలవండి, రసమట్టంతో నాలుగు వైపులా చూడండి. తడి కాంక్రీటు ఒత్తిడికి పక్కలు లోపలికి వంగకుండా అడ్డంగానూ నిలువుగానూ దన్నులు బిగించండి. ఓపెనింగ్ కొలత కిటికీ ఫ్రేము కన్నా ప్రతి వైపూ సుమారు 12 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. అంతకన్నా బిగువైతే సీలెంట్‌కు చోటుండదు, మరీ వదులైతే అది నిలవదు.

కింది సిల్ దగ్గర జరిగే పొరపాటే అన్నిటికన్నా ఎక్కువగా నష్టం తెస్తుంది. సిల్ బక్‌ను పూర్తి పలకతో మూసేస్తే కాంక్రీటు దాని కిందికి చేరదు. గాలి ఇరుక్కుని తేనెపట్టు లాంటి గుల్లలు మిగులుతాయి. పలకను రెండు పట్టీలుగా పెట్టి మధ్యలో ఖాళీ వదలండి, లేదా రంధ్రాలు కోయండి. అక్కడి నుంచే కాంక్రీటు పోసి వైబ్రేటర్ దించాలి. పోసేటప్పుడు ఓపెనింగ్‌కు రెండు పక్కలా సమానంగా, ఒక్కో విడతకు మీటరు ఎత్తుకు అటూఇటూగా నింపితే బక్ ఒకవైపు జరగదు. పోత పూర్తయ్యాక, కాంక్రీటు గట్టిపడక ముందే, సిల్ పైభాగాన్ని బయటివైపు వాలుగా తాపీతో దిద్దేయండి. ఈ ఐదు నిమిషాల పని తర్వాత గంటల శ్రమ తగ్గిస్తుంది.

3. అంటించే ముందు ఉపరితలం

ఫోముకు ఎండ పడదు. కొన్ని వారాలు ఎండలో ఉంటే దాని ముఖం పసుపుబారి పిండిలా రాలుతుంది. వేలితో రాసి చూడండి, పొడి అంటుతుంది. ఒక టేపు ముక్క గట్టిగా అదిమి లాగితే వెనకాల గింజలు లేచొస్తాయి. అలాంటి ముఖం మీద ఎంత ఖరీదైన మెంబ్రేన్ అంటించినా అది పొడికి అంటుకుంటుందే తప్ప ఫోముకు కాదు. గరుకు కాగితంతో గాని గట్టి బ్రష్‌తో గాని తెల్లటి కొత్త ముఖం తేలేదాకా రాసి, దుమ్ము దులిపి ఆ రోజే పని మొదలుపెట్టండి.

రెండో ప్రమాదం ద్రావకాలది. పెట్రోలు రకం ద్రావకాలు, అసిటోన్, జైలీన్, టాలుయీన్ తగిలితే ఇపిఎస్ కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది. చాలా తారు ప్రైమర్లలో, కొన్ని గమ్ముల్లో ఇవి ఉంటాయి. డబ్బా మీద ‘పాలిస్టైరిన్‌కు పనికొస్తుంది’ అని రాసి ఉంటేనే తీసుకోండి. నీటి ఆధారిత ప్రైమర్లు సాధారణంగా క్షేమం. అయినా ఒక వృథా ముక్క మీద పూసి, ఒక రోజు ఆగి చూడటంలో పోయేదేమీ లేదు. గ్యాస్ మంటతో అంటించే మెంబ్రేన్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఇపిఎస్ మరిగే నీటి వేడికి కూడా తట్టుకోదు.

కాంక్రీటు ముఖం మీద గుల్లలుంటే మరమ్మతు మోర్టార్‌తో నింపండి. బక్‌కూ ఫోముకూ మధ్య, బక్‌కూ కాంక్రీటుకూ మధ్య సందులు 6 మిల్లీమీటర్లు దాటితే ముందు ఫోము తాడు దూర్చి, సీలెంట్‌తో సమం చేయాలి. ఖాళీ మీదుగా మెంబ్రేన్‌ను వంతెనలా పరిస్తే ఎవరి వేలో తగిలి చిరుగుతుంది. కొత్త కాంక్రీటు చాలా వారాల పాటు తేమను వదులుతూనే ఉంటుంది. తడి కాంక్రీటుకు అంటుకునే రకమా కాదా అన్నది కూడా డబ్బా మీదే చూడాలి.

4. సిల్ పాన్: ఇక్కడ తొందరపడవద్దు

సిల్ మీద చేరిన నీటిని పట్టి బయటికి పంపే తొడుగే సిల్ పాన్. మొత్తం పనిలో ఒక్క భాగానికే సమయం దొరుకుతుందంటే దాన్ని సిల్‌కే ఇవ్వండి. ఎక్కడ కారినా నీరు చివరికి చేరేది అక్కడికే.

సిల్ బయటివైపు కనీసం 5 డిగ్రీలు వాలి ఉండాలి. 150 మిల్లీమీటర్ల లోతున్న సిల్‌కు అది సుమారు 13 మిల్లీమీటర్ల దిగుడు. పోతలో వాలు రాకపోతే, ఏటవాలుగా కోసిన పట్టీ అంటించి గాని, మోర్టార్‌తో గాని తెప్పించండి.

తర్వాత వెనుక అడ్డుకట్ట. కిటికీ ఫ్రేము లోపలి అంచు వెనుక, సిల్ పొడవునా, 25 మిల్లీమీటర్ల ఎత్తు అల్యూమినియం ఎల్-పట్టీని నిండుగా సీలెంట్ వేసి దాని మీద కూర్చోబెట్టండి. ఈ 25 ఊరికే వచ్చిన అంకె కాదు. 25 మిల్లీమీటర్ల నీటి స్తంభం సుమారు 245 పాస్కల్స్ పీడనాన్ని నిలువరిస్తుంది. గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్లతో, గోడను ఢీకొంటే పుట్టే పీడనం దాదాపు అంతే. గాలి తాకిడి అంతకు మించే చోట, ఎత్తైన అంతస్తుల్లో అడ్డుకట్ట కూడా ఎత్తు పెంచాలి.

ఇప్పుడు మెంబ్రేన్. సిల్ మొత్తాన్ని కప్పుతూ, వెనుక అడ్డుకట్ట మీదికి ఎక్కుతూ, రెండు పక్కలా 150 మిల్లీమీటర్లు పైకి లేస్తూ, ముందువైపు ఫోము ముఖం మీదికి కనీసం 75 మిల్లీమీటర్లు దిగుతూ ఒకే ముక్కగా రావాలి. మూలల దగ్గరే చిక్కు. మామూలు షీటును మూలలో మడిచి కోస్తే, కోత చివర, సరిగ్గా సిల్ అంచు తిరిగే బిందువు దగ్గర, గుండుసూది అంత రంధ్రం మిగులుతుంది. నీటికి అది చాలు. సాగే రకం టేపునో, అచ్చుపోసిన మూల ముక్కలనో అక్కడ వాడండి.

నన్నడిగితే ఐసీఎఫ్‌కు బ్రష్‌తో పూసే ద్రవ మెంబ్రేన్ ఎక్కువ నప్పుతుంది. ఫోము, కాంక్రీటు, బక్ అనే మూడు వేర్వేరు పదార్థాలు కలిసే చోట, మడతలూ కోతలూ లేకుండా అన్నిటినీ ఒకే తోలులా కప్పేస్తుంది. కలిసే గీతల మీద తడి పూతలోకి వల గుడ్డ అదిమి, ఆరాక రెండో పూత వేయండి. మొదటి పూత ఒక రంగు, రెండోది మరో రంగు అయితే ఎక్కడ పలుచబడిందో కంటికే తెలుస్తుంది. లోపమల్లా చలిలోనూ తేమలోనూ ఆరడానికి చాలా సమయం పడుతుంది. మేఘం కమ్మిన రోజున పూసి రాత్రి వానకు వదిలేస్తే పొద్దున మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

పూర్తయ్యాక సిల్ మీద ఒక లీటరు నీరు పోయండి. అంతా ముందుకు జారి బయట పడాలి. ఆ తర్వాత ముందు అంచును తాత్కాలికంగా మూసి, నీరు నింపి, పదిహేను నిమిషాలు ఆగండి. మట్టం తగ్గినా, మూలల వెనుక చెమ్మ కనిపించినా కిటికీ పెట్టవద్దు.

5. పక్కలు, తల

పక్కల మెంబ్రేన్ సిల్ మెంబ్రేన్ లేచిన భాగం మీదికి రావాలి. తల భాగపు, అంటే ఓపెనింగ్ పై అంచు, మెంబ్రేన్ పక్కల మీదికి రావాలి. పైకప్పు పెంకుల మాదిరిగా పైది ఎప్పుడూ కిందిదాని మీదికి. ఇది తలకిందులైన చోట ప్రతి అతుకూ నీటిని లోపలికి పట్టే దోసిలే అవుతుంది. ప్రతి ముక్కనూ రోలరుతో గట్టిగా అదమండి, చేతి ఒత్తిడి చాలదు.

ఐసీఎఫ్‌లో తల దగ్గర ఒక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. ఫోము వెనుక నుంచి దిగే నీరు మొట్టమొదట ఆగేది తల బక్ మీదే. అందుకే బక్ పై అంచుకూ కాంక్రీటుకూ మధ్య గీతను మెంబ్రేన్ వేసే ముందే సీలెంట్‌తో మూసేయాలి. ఓపెనింగ్ పైన ఫోము దిమ్మెల అతుకులేవైనా తెరుచుకుని ఉంటే వాటినీ మూయండి.

6. కిటికీ కూర్చోబెట్టడం

సిల్ మీద ప్లాస్టిక్ గుల్లీలు (ఎత్తు సరిచేసే చిన్న ముక్కలు) పెట్టి వాటి మీద ఫ్రేము నిలపండి. మూలలకు దగ్గరగా ఒక్కొక్కటి, మధ్యలో నిలువు కమ్మీ ఉంటే దాని కింద ఒకటి. వరసగా పేర్చి నీటి దారి మూయవద్దు. చెక్క గుల్లీలు తడికి ఉబ్బుతాయి, వద్దు.

రెక్క ఉన్న కిటికీ అయితే పక్కల, పై రెక్కల వెనుక సీలెంట్ గీత వేసి నొక్కండి. కింది రెక్క వెనుక మాత్రం వేయకండి. ఇది చాలామంది మేస్త్రీలకు మింగుడుపడదు. ‘ఖాళీ వదిలితే నీరు రాదా’ అంటారు. ఆ ఖాళీ నీరు వచ్చేందుకు కాదు, వచ్చిన నీరు పోయేందుకు. అక్కడ మూసేస్తే ఇంత కష్టపడి కట్టిన పాన్ నీటి తొట్టి అయిపోతుంది. రెక్క లేని ఫ్రేముకు కూడా కింద ఇదే నియమం: పక్కలూ తలా మూయండి, సిల్ ముందు అంచులో దారులు వదలండి.

స్క్రూలు పక్కల్లోంచే వెళ్లాలి. సిల్ మెంబ్రేన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పొడవకూడదు. వాటి పొడవూ దూరమూ కిటికీ తయారీదారు ఇచ్చిన పత్రం ప్రకారం చూసుకోండి. బక్‌లో మాత్రమే దిగితే చాలా, కాంక్రీటులోకి పట్టాలా అన్నది అందులో తేలుతుంది. ఫోము స్క్రూను పట్టుకోదన్న సంగతి మాత్రం మరవకండి. ఫోములో పొదిగిన ప్లాస్టిక్ పట్టీలు సాధారణంగా ఆరు లేదా ఎనిమిది అంగుళాలకొకటి ఉంటాయి, ఓపెనింగ్ అంచున అవి కోతకు గురై ఉండవచ్చు.

రెక్క ఉంటే ఇప్పుడు పక్కల మీద టేపు, తర్వాత పై రెక్క మీద టేపు. కింది రెక్క మీద టేపు ఉండదు. తల మీద, కారే నీటిని ఫ్రేముకు దూరంగా జార్చే లోహపు డ్రిప్ పట్టీ వస్తుంది: ఫ్రేము కన్నా ఇరువైపులా కాస్త పొడవుగా, ముందుకు వాలి, చివరలు పైకి మడిచి, ముందు అంచు కిందికి వంగి. దాని నిలువు కాలు ఫోము ముఖానికి ఆనుతుంది. ఆ కాలి పై అంచును కప్పుతూ మరో మెంబ్రేన్ పట్టీ అంటించాలి. కాలి మీద సీలెంట్ గీసి వదిలేయడం చాలదు. గోడకు విడిగా నీటిని ఆపే పొర వేస్తుంటే, ఆ పొర కూడా ఈ పట్టీ మీదుగానే దిగాలి.

7. లోపలి అంచు

మొదట చెప్పిన గాలి అడ్డుకట్ట ఇదే. సందులోకి ఫోము తాడు దూర్చండి. దాని వ్యాసం సందు కన్నా పావు వంతు ఎక్కువ ఉంటే బిగువుగా నిలుస్తుంది. దాని మీద సీలెంట్ వేసి నున్న చేయండి. సీలెంట్ లోతు వెడల్పులో సగం ఉంటే చాలు. అది ఫ్రేముకూ గోడకూ మాత్రమే అంటాలి, వెనుక అంటకూడదు. మూడు వైపులా అంటితే సాగలేక మధ్యలో చిరుగుతుంది. తాడు పెట్టేది ముఖ్యంగా ఇందుకే. సిల్ దగ్గర ఈ సీలెంట్ ఫ్రేమును వెనుక అడ్డుకట్టతో కలపాలి. నాలుగు వైపులా తెగకుండా రావాలి.

చాలామంది ఇక్కడ పియు (పాలీయురేథేన్) ఫోము స్ప్రే చేసి సరిపెడతారు. తక్కువ ఉబ్బే రకం వేడిని ఆపడానికి మంచిదే. ఎక్కువ ఉబ్బే రకం ఫ్రేమును లోపలికి వంచి తలుపు పట్టేసేలా చేస్తుంది. ఏ రకమైనా నీటికి కాపలా మాత్రం కాదు. సందు లోపలి సగంలోనే పలుచగా వేసి, దాని మీద సీలెంట్ తప్పనిసరిగా వేయండి. సిల్ కింద ముందుదాకా నింపేస్తే దారి మూసుకుపోయినట్టే.

8. ప్లాస్టర్‌కు ముందు నీటి పరీక్ష

గోడ కప్పేశాక దొరికే లోపానికీ, ఇప్పుడు దొరికే లోపానికీ ఖర్చులో పోలికే లేదు. తోట పైపు చాలు. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి: ముందు సిల్, తర్వాత పక్కలు, చివరికి తల. ముక్కును ఒక అడుగు దూరంలో పట్టుకుని, ఒకటిన్నర మీటర్ల అతుకుకు ఐదు నిమిషాల చొప్పున తడపండి. లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని అతుకుల మీదుగా కారుతుంది, ఏది దోషో తెలియదు. ఇది గాలి పీడనం లేని పరీక్ష అని గుర్తుంచుకోండి. పెద్ద భవనాలకు ఏఎస్‌టీఎం ఈ1105 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం లోపలికీ బయటికీ పీడనం తేడా కల్పించి నీరు చల్లే పరీక్ష చేయించడం సబబు.

9. పైపూత, తర్వాతి సంగతులు

పైన వేసే పూతకూ ఫ్రేముకూ మధ్య 10 నుంచి 12 మిల్లీమీటర్ల సందు వదలండి. పూతను ఫ్రేముకు ఆనించి దిద్దితే తొలి ఏడాదే అక్కడ పగులుతుంది. పలుచటి పూత వ్యవస్థలో వల గుడ్డను అంచు చుట్టూ తిప్పి లోపలికి మడవాలి. నాలుగు మూలల దగ్గరా ఏటవాలుగా అదనపు వల ముక్క వేయకపోతే మూల నుంచి వంకర పగుళ్లు బయలుదేరతాయి. సందులో సీలెంట్ వేసేటప్పుడు అది అడుగు పూతకే అంటాలి, రంగు పూతకు కాదు. రంగు పూత చాలాసార్లు తడికి మెత్తబడి సీలెంట్‌తో సహా ఊడొస్తుంది.

బయటి సిల్ పలక గోడ ముఖం దాటి 30 నుంచి 40 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. అడుగున నీరు తెగిపడే గాడి ఉండాలి. చివరలు పైకి లేచి ఉండాలి, లేకపోతే ధూళి కలిసిన నీరు రెండు పక్కలా గోడ మీద మరకలు గీస్తుంది. పూత వేసేవారు సిల్ దారులను సిమెంటుతో మూసేయడం సర్వసాధారణం. పని ముగిశాక ఒక్కో దారిలో సన్నటి తీగ దూర్చి చూడండి. ఏటా వానలకు ముందు అదే తీగతో మరోసారి చూసి, బయటి సీలెంట్ అంచు ఎక్కడైనా లేచిందేమో వేలితో నొక్కి పరీక్షించండి. లేచిన చోట పాతదాని మీద కొత్తది పూయకండి. పాతది మొత్తం కోసి తీసి, అంచులు తుడిచి, కొత్త తాడు పెట్టి వేయండి.